చెరిగి కొలుద్దాం: చీకటి వీడియోల్లో మన పెద్దలు

(విజయనగరంలో జరిగిన సంఘం యువజన సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం ‘సంస్కృతి పరిరక్షణలో యువత పాత్ర’. ఏటా ఈ మాట మీద ఎవరో ఒకరం మాట్లాడుతూనే ఉన్నాం. చప్పట్లు కొడతాం, భోజనం చేస్తాం, ఇంటికి పోతాం. అందుకని ఈసారి ఒకే ఒక పని గురించి చెబుతాను. చేత్తో చేసే పని, మీరు ఈ వారంలోనే మొదలుపెట్టగలిగిన పని. మన ఇళ్లలో పడి ఉన్న చీకటి వీడియోలను చూడగలిగేట్టు చేయడం.

ఏ వీడియోలంటారా? మీ ఇంటి అటక మీద వెతకండి. పెళ్లి క్యాసెట్ ఒకటి ఉంటుంది. ఎవరో బాబాయి హ్యాండీక్యామ్‌తో తీసిన కందికొత్తల పండుగ సీడీ ఉంటుంది. పాత ఫోను మెమరీ కార్డులో థింసా ఆడుతున్న మన ఆడవాళ్లు ఉంటారు. అన్నిట్లోనూ ఒకటే కథ. మన ఆట, మన పాట రాత్రిపూట. వెలుగంటే నెగడు, లేకపోతే లాంతరు, బాగా కలిసొస్తే ఒక ట్యూబులైటు. డప్పు, తుడుము వినబడతాయి, మనుషులు కనబడరు. నల్లటి తెర మీద ఇసక చల్లినట్టు గింజలు కదులుతుంటాయి. ‘అబ్బా, ఏటీ కనబడదు’ అని ఆపేస్తాం. కానీ ఆ నలుపులోనే మన ముత్తవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం ప్రాంతపువారు. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు నడిపారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. ఆయన చేతిలో ఉన్నది కలం, కాగితం. మాట రాసుకోగలిగారు గానీ ఆ మాట చెప్పిన మనిషి ముఖం, చెయ్యి తిప్పిన తీరు, నవ్వు కాగితం మీదికి రాలేదు. మన దగ్గర అవి ఉన్నాయి. చీకట్లో ఉన్నాయి, అంతే.

టైము కూడా ఎక్కువ లేదు. క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. 2019లో యునెస్కో, ధ్వని దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కలిసి మాగ్నెటిక్ టేపుల గురించి ప్రపంచమంతటినీ హెచ్చరించాయి. టేపు చెడిపోవడం ఒక భయమైతే, ఆడించే మిషను, దాన్ని బాగుచేసే మనిషి దొరక్కపోవడం మరో భయం అని. సాలూరులో, పార్వతీపురంలో వీసీఆర్ బాగుచేసేవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టండి.

సరే, పనిలోకి వద్దాం.

ముందు చీకటి వీడియోలో గింజలు ఎందుకొస్తాయో తెలియాలి. కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్ ఉంటుంది. వాన చినుకులు పడుతున్నప్పుడు వాకిట్లో పది గిన్నెలు పెట్టారనుకోండి. జోరువాన అయితే అన్నిట్లో ఇంచుమించు సమానంగా నీళ్లు పడతాయి. నాలుగు చినుకులే పడితే ఒక గిన్నెలో రెండు పడతాయి, పక్కదాంట్లో ఒక్కటీ పడదు. వెలుగూ అంతే. తక్కువ వెలుగులో పక్కపక్క చుక్కలకే పొంతన ఉండదు. ఆ తేడానే మనకు గింజలుగా కనబడుతుంది. దాన్నే నాయిజ్ అంటారు. కెమెరా చీకటిని చూసి తనకు అందిన కాస్త వెలుగునూ లోపలే పెద్దది చేస్తుంది. దాంతో గింజలూ పెద్దవవుతాయి.

ఇప్పుడు మనం ఫోనులో వీడియో తెరిచి బ్రైట్‌నెస్ గీతను కుడివైపు లాగామనుకోండి. ఏమవుతుంది? మనిషితోపాటు గింజ కూడా పెరుగుతుంది. నలుపు కాస్తా బూడిద రంగులోకి తిరుగుతుంది. వెలుగు పెరిగింది గానీ చూపు పెరగలేదు.

మన అమ్మలు కళ్లంలో ఏం చేస్తారు? ధాన్యాన్ని తూర్పారబట్టి, చేటలో చెరిగి, తాలు పోయాక కుంచంతో కొలుస్తారు. తాలుతోపాటు కొలిస్తే కుంచం నిండుతుంది గానీ కడుపు నిండదు. వీడియోకీ ఇదే వరస. ముందు చెరగాలి, తర్వాత కొలవాలి. ముందు నాయిజ్ తగ్గించాలి, తర్వాత వెలుగు పెంచాలి. నేను చెప్పే సాంకేతిక విషయాలన్నిట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

చెరగడం ఎలా? ఒకే పాటను నలుగురు పెద్దవాళ్ల దగ్గర విన్నామనుకోండి. ఒకరు మధ్యలో దగ్గుతారు, ఒకరు ఒక మాట మరచిపోతారు. దగ్గు ఒక్కొక్కరికి ఒక్కోచోట వస్తుంది, పాట మాత్రం నలుగురిదీ ఒకటే. నాలుగూ పోల్చి చూస్తే అసలు పాట తేలుతుంది. వీడియోలో సెకనుకి 25 బొమ్మలు ఉంటాయి. గోడ అన్ని బొమ్మల్లోనూ ఒకేలా ఉంటుంది, గింజలు మాత్రం బొమ్మ బొమ్మకీ చోటు మారుతుంటాయి. వరసగా వచ్చే బొమ్మలను కలిపి సగటు తీస్తే గింజలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 4 బొమ్మలు కలిపితే నాయిజ్ సగానికి, 16 కలిపితే నాలుగో వంతుకి తగ్గుతుంది. ఇది టెంపోరల్ పద్ధతి. పక్కపక్క చుక్కలను కలిపి నున్నగా రుద్దేది ఇంకోటి, స్పేషియల్ పద్ధతి. మొదటిది మేలు. రెండోది ఎక్కువైతే అంతా మైనం పూసినట్టు అవుతుంది.

మొదటిదానికీ ఒక ఇబ్బంది ఉంది. కూర్చుని కథ చెప్పే తాతకి అది బాగా పనిచేస్తుంది. థింసా వరస గిర్రున తిరుగుతుంటే నాలుగు బొమ్మలు కలిపినప్పుడు ఒక్కో మనిషి వెనక దెయ్యంలా నీడ సాగుతుంది. అందుకని ఆట ఉన్నచోట తక్కువ, మాట ఉన్నచోట ఎక్కువ వాడాలి. వీడియో మొత్తానికి ఒకే మోతాదు పనికిరాదు. ముక్కలుగా కోసి ఏ ముక్కకి ఆ ముక్క చూసుకోవాలి.

ఇప్పుడు వరసగా చెబుతాను, రాసుకోండి.

ఒకటి, అసలు కాపీ సంపాదించండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన వీడియో మీద పని మొదలుపెట్టకండి. వీడియో సైజు తగ్గించేటప్పుడు చీకటి భాగంలోని సన్నటి తేడాలు ముందు పోతాయి, వాటి చోట చదరాలు చదరాలుగా వస్తాయి. పోయినవి మళ్లీ రావు. తీసినవాళ్ల ఫోను నుంచో కార్డు నుంచో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. వాట్సాప్ తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. క్యాసెట్ అయితే ముందు బూజు ఉందేమో చూడండి. బూజు ఉన్నది మిషన్లో పెడితే టేపుతోపాటు మిషనూ పాడవుతుంది. ఎక్కించేటప్పుడు 720 బై 576 సైజులో, సెకనుకి 25 బొమ్మలతో, వీలైనంత తక్కువ కుదింపుతో ఎక్కించమనండి. క్యాసెట్ వెనక్కి తెచ్చుకోండి. పారేయకండి.

రెండు, అసలు ఫైలును ముట్టుకోకండి. ఒక కాపీ తీసి దాని మీదే పనిచేయండి. అసలుది రెండు చోట్ల, వేర్వేరు ఇళ్లలో దాచండి.

మూడు, లోపల ఏమైనా ఉందా అని పరీక్షించండి. ఒకసారి వెలుగును పూర్తిగా పెంచి చూడండి. ముఖం అంచు, చీర అంచు తేలితే అక్కడ సరుకు ఉన్నట్టు. గడ్డకట్టిన నలుపు గడ్డకట్టినట్టే ఉంటే అక్కడ కెమెరా ఏమీ పట్టలేదు. దాన్ని వదిలేయండి.

నాలుగు, నాయిజ్ తగ్గించండి. షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మామూలు కంప్యూటర్లో నడుస్తుంది. అందులో రెడ్యూస్ నాయిజ్ కింద హెచ్‌క్యూడీఎన్3డీ అనే ఫిల్టర్ ఉంటుంది, అది రెండు పద్ధతులూ కలిపి చేస్తుంది. అదే ఫిల్టర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మరో ఉచిత సాధనంలోనూ ఉంది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత కూర్పు వెలుగు, రంగు దిద్దడానికి చాలా బాగుంటుంది గానీ నాయిజ్ తగ్గించే పరికరం డబ్బు కట్టే కూర్పులోనే ఉంది. కాబట్టి చెరగడం ఒకదాంట్లో, కొలవడం ఇంకోదాంట్లో చేసుకోవచ్చు. చిన్న మోతాదుతో మొదలుపెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మచ్చల్లా కదిలే రంగు నాయిజ్‌ని గట్టిగానే తగ్గించవచ్చు. తెలుపు నలుపు గింజల మీద మాత్రం చెయ్యి తేలిగ్గా వేయాలి, ఎందుకంటే ముఖంలో గీతలు, చీర నేత అన్నీ వాటి మధ్యనే ఉంటాయి.

అయిదు, ఇప్పుడు వెలుగు పెంచండి. బ్రైట్‌నెస్ కాదు, గామా లేదా కర్వ్స్ వాడండి. బ్రైట్‌నెస్ అన్నిటినీ ఒకేసారి పైకెత్తుతుంది. గామా నడిమి వెలుగునే ఎత్తుతుంది. కొండ వెనక ఆకాశం నల్లగానే ఉంటుంది, లాంతరు మంట తెల్లగా కాలిపోదు, మధ్యలో ఉన్న మనుషులు ముందుకొస్తారు. రాత్రి రాత్రిలాగే కనబడాలి. పండుగ రాత్రిని పట్టపగలు చేయాలని చూస్తే అక్కడే చెడుతుంది.

ఆరు, ఎక్కడ ఆపాలో తెలుసుకోండి. మామూలు వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా సుమారు 220 మెట్లు ఉంటాయి. మరీ చీకటి బొమ్మ వాటిలో అడుగున ఉన్న ఇరవై ముప్పై మెట్ల మీదే ఉండిపోవచ్చు. ఆ కాసిన్ని మెట్లనూ పైదాకా సాగదీస్తే వాటి మధ్య ఖాళీలు చారలుగా కనబడతాయి. అందుకే కొంచెం గింజ మిగల్చండి. అది ఆ చారలను కప్పుతుంది, కంటికి కూడా సహజంగా ఉంటుంది. చివర్లో ఫైలు తీసేటప్పుడు నాణ్యత ఎక్కువ పెట్టి తీయండి. లేకపోతే ఇంత కష్టమూ కుదింపులో పోతుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాటకొస్తాను.

మా హాస్టల్లో పదో తరగతి చదివే అమ్మాయి ఒకసారి పెన్‌డ్రైవ్ తెచ్చింది. వాళ్ల మేనమామ పెళ్లి వీడియో. అందులో వాళ్ల అమ్మమ్మ ఆడుతోంది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఊళ్లో వరసకి అన్న అయ్యే అబ్బాయి ఒక యాప్‌లో పెట్టి వీడియోను తెల్లగా, నున్నగా చేసి ఇచ్చాడు. ప్రేమతోనే చేశాడు. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక టీవీలో వేశాం. పిల్లలందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆ అమ్మాయి మాత్రం కాసేపు చూసి, ‘మేడమ్, ఈమె మా అమ్మమ్మలా లేదు’ అంది.

నిజమే. నుదుటి మీద, గడ్డం మీద ఉండాల్సిన పచ్చబొట్లు లేవు. చెంపల మీద ముడతలు లేవు. నల్లటి మనిషి గోధుమరంగులోకి వచ్చింది. కళ్లు ఎవరివో. ఆ యాప్ గింజను చెరిపేస్తూ పచ్చబొట్టును కూడా గింజే అనుకుంది. ఖాళీ అయిన చోట తనకు తెలిసిన ముఖాల్లోంచి ఒక ముఖం గీసి పెట్టింది. తనకు తెలిసిన ముఖాల్లో మన ముఖం ఎంత ఉంటుంది?

తర్వాత మళ్లీ అసలు ఫైలు తెప్పించి, ఇందాక చెప్పిన వరసలో మెల్లగా చేశాం. ఆదివారాలు మూడు పట్టాయి. అంత తెల్లగా రాలేదు. గింజ కూడా కొంత ఉండిపోయింది. కానీ గడ్డం మీద మూడు చుక్కలు కనబడ్డాయి. ఆ అమ్మాయి టీవీ దగ్గరికి వెళ్లి వేలితో తాకింది. ‘ఇప్పుడు మా అమ్మమ్మే’ అంది.

అందుకే చెబుతున్నాను. వెలుగు పెంచడం అంటే రంగు తెల్లగా చేయడం కాదు. రెండూ వేరు పనులు. మన నలుపు నాయిజ్ కాదు.

ఇది మన దగ్గరే పుట్టిన కష్టం అనుకోకండి. 1950ల నుంచి కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు షర్లీ కార్డు అని ఒకటి పంపేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ. ఆమె చర్మం రంగు సరిగ్గా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్లు ఆ ఫిల్ములో మసిబొగ్గులా వచ్చినా ఎవరికీ పట్టలేదు. మా చెక్కల రంగులు, చాక్లెట్ల రంగులు తేడా తెలియట్లేదని సామాన్ల కంపెనీలు, చాక్లెట్ కంపెనీలు గోలపెట్టాక ఫిల్ము మెరుగుపడిందని లోర్నా రాత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో రాసింది. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోనుతో, నల్లని చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపించాలని రియల్ టోన్ అనే ఏర్పాటు తెచ్చింది. అంటే అప్పటిదాకా సరిగ్గా చూపలేదని వాళ్లకీ తెలుసన్నమాట. మిషను తప్పుకి మన ముఖాన్ని దిద్దుకోనక్కర్లేదు.

కాబట్టి దిద్దిన వీడియోను బయటికి ఇచ్చేముందు నాలుగు చూడండి. పచ్చబొట్లు ఉన్నాయా? ముక్కుపోగు, మెడలో పూసల వరసలు విడివిడిగా కనబడుతున్నాయా? చీర అంచు తెలుస్తోందా? చర్మం రంగు ఆ మనిషిదేనా? ఈ నాలుగూ మీకు తెలియకపోతే ఆమెను ఎరిగిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. సాఫ్ట్‌వేర్ కంటే వాళ్ల కళ్లు నమ్మకం. అడిగితే ఇంకో లాభం కూడా ఉంది. ‘ఈ వరస చివర ఉన్నది ఎవరు, ఈ పాట ఏది’ అని మాట మొదలవుతుంది. ఆ పేర్లు, ఆ పాట రాసుకోండి. పేరు లేని ముఖం ఎంత వెలుగులో ఉన్నా ఇంకో తరానికి చీకటే.

ఇంకో మాట. చీకటంతా లోపం కాదు. కొన్ని పూజలు బయటివాళ్లు చూడకూడదనే చీకట్లో చేస్తారు. కొన్ని చోట్ల మనిషి నీడలో ఉన్నది తన ఇష్టంతోనే. ఎజ్జోడిని, ఊరి పెద్దలను అడగకుండా అలాంటి భాగాలకు వెలుగు పెంచకండి, బయట పెట్టకండి. వద్దంటే ఇంట్లో దాచండి. అదీ పరిరక్షణే.

ఇకముందు తీసేవాటికి నాలుగు జాగ్రత్తలు. తీసేటప్పుడే వెలుగు పడితే తర్వాత ఇంత యాతన ఉండదు. మొదటిది, జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి. ఫోనులో ఒకటి అని ఉండే అసలు కెమెరాయే వాడండి, చీకట్లో మిగతావి దానికంటే బలహీనం. రెండోది, సెకనుకి 60 బొమ్మలు కాకుండా 25 గానీ 30 గానీ పెట్టండి. ఒక్కో బొమ్మకి వెలుగు పట్టే వ్యవధి దాదాపు రెట్టింపు దొరుకుతుంది. ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ను సెకనులో 50వ వంతుకి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు చారలు కూడా రావు. మూడోది, నెగడును మధ్యలో పెట్టి తీయకండి. మంటను చూసి కెమెరా మనుషులను నల్లగా చేస్తుంది. మంట మీ వీపు వైపో పక్క వైపో ఉండేట్టు నిలబడి, ముఖం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. నాలుగోది, ఫోను లైటును పెద్దవాళ్ల కళ్లలోకి కొట్టకండి. పక్కన తెల్ల పంచె ఒకటి కట్టి రెండు టార్చిలు దాని మీదికి వేయండి. ఆ పరావర్తనం వెన్నెలలా మెత్తగా పడుతుంది. దానికి ఖర్చు లేదు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడింది. కాగితాల మీద మనం కొందరం ఒక జిల్లా, కొందరం ఇంకో జిల్లా. గుమ్మలక్ష్మీపురంలో ఉన్న క్యాసెట్‌లో పాచిపెంట కోడలు ఉంటుంది. సీతంపేట పెళ్లిలో కురుపాం డప్పు మోగుతుంటుంది. అందుకని ఇది ఒక్కొక్కరూ ఇంట్లో చేసుకునే పని కాదు, ఊరూరూ కలిసి చేయాలి. ప్రతి ఊరి నుంచి ఇద్దరు చాలు. ఒకరు కంప్యూటర్ దగ్గర కూర్చోవాలి, ఒకరు పెద్దల దగ్గర కూర్చోవాలి. సెలవులకు ఇంటికెళ్లే మా హాస్టల్ పిల్లలకు ఈ రెండో పని అప్పజెప్పాను. ఇంటి దగ్గర ఏ క్యాసెట్లు, ఏ కార్డులు ఉన్నాయో నోటు పుస్తకంలో రాసుకుని రమ్మన్నాను. మొదటి పని మీలో డిగ్రీలు, పాలిటెక్నిక్‌లు చదువుతున్నవాళ్లు తీసుకోండి.

మన పిల్లలు ఆరేళ్లకే ఇల్లు వదిలి హాస్టళ్లకు వస్తున్నారు. చదువు కోసం రావాలి, తప్పదు. కానీ ఆ వయసులో నేర్చుకోవాల్సిన పాట, అడుగు, మాట ఇంటి దగ్గరే ఉండిపోతున్నాయి. అవి వాళ్లకు అందే దారుల్లో ఈ పాత వీడియోలు ఒకటి. వాటిని దిద్దేటప్పుడు తాలు పోనివ్వండి, గింజ పోనివ్వకండి.

 భోజనాల దగ్గర కలుద్దాం. పెన్‌డ్రైవ్‌లు తెచ్చినవాళ్లు నా దగ్గరికి రండి.

జై ఆదివాసీ.